వార్డు గడప ముందు బకెట్టు

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నేను సెలవు పెట్టలే, నర్సు డ్యూటీకే పోయిన. ఆడ జరిగిన ముచ్చట వింటే నువ్వు కడుపు పట్టుకొని నవ్వేదానివి.

మా వార్డుల ములకలపల్లి ముసలామె ఒకామె ఉంది. చేతికి సెలైన్ సూది ఉంది. చూడొచ్చినోళ్లంత ఆ చెయ్యే పట్టుకుంటరు. చెయ్యి పట్టకపోతే మన దిక్కు అది పలకరింపే కాదాయె. చేతుల మురికి సూది వెంట నెత్తురుల కలుస్తదని, నీకు గట్లనే సూది కాడ చీము పట్టి జ్వరం ముదిరి పానం పోయిందని ఎంత చెప్పినా వినరు.

అందుకే పొద్దున వార్డు గడప ముందు బకెట్టు నిండ నీళ్లు, చెంబు, సబ్బు పెట్టిన. ముసలామె చెల్లెలు బూర్గంపాడు నుంచి వచ్చింది. ఆ నీళ్లు చూసి ఆడనే కూలబడి, "ఓ అక్కా, నన్ను ఇడిసిపెట్టి పోతివా" అని రాగం తీసింది. చావుకు పోయొచ్చినోళ్లకే కదా మనం గడప ముందు గట్ల నీళ్లు పెట్టేది. నాకది తట్టనే లేదు.

లోపల్నుంచి ముసలామె, "ఏంది నీ లొల్లి? నేను ఈడనే ఉన్న. చేతులు కడుక్కొని రా" అన్నది. వార్డంత నవ్వింది. చెల్లెలు మోచేతుల దాకా సబ్బు రుద్దుకొని పోయి అక్క చెయ్యి పట్టుకుంది. సాయంత్రం దాకా ఎవ్వరు కడుక్కోకుండ గడప దాటలే. ముసలామె రేపు ఇంటికి పోతది.

నిన్ను సాగనంపి వచ్చి మన వాకిట్ల మేం కడుక్కున్నం, అక్కా. ఈడ ముందే కడుక్కుంటున్నరు.

నీ చెల్లె