కుడిపక్కన కూర్చోవాలి

కొకురా,
జూన్ 19

గౌరవనీయులైన ఒగుమా గారికి,

సెన్బా కజుహా నమస్కారాలు. ఇక్కడ ముసురు వదలడం లేదు. షిమొనొసెకిలో మీ కూరమళ్ళు నీట మునగలేదని తలుస్తాను. ఈ ఉత్తరంతో పాటు మూడు అట్టపెట్టెలు మీకు చేరతాయి. మీరు రిటైరైన రోజున నా బల్ల మీద పెట్టి, "నా సర్వీసంతా ఇందులోనే ఉంది, జాగ్రత్త" అన్న విజిటింగ్ కార్డుల పెట్టెలే అవి. నేను జాగ్రత్తగా చూసుకోలేదు. మీకు వేరేవాళ్ళు చెప్పేలోగా నేనే చెప్పాలని రాస్తున్నాను.

ప్రతి కార్డు వెనకా మీరు పెన్సిలుతో రాసుకున్నవాటిని మొదటి వారమంతా కథల పుస్తకంలా చదివాను. "చేపలు పట్టే పిచ్చి." "కూతురు వయొలిన్ నేర్చుకుంటోంది." "కాఫీ ఇష్టం లేదు, మొహమాటానికి తాగుతాడు." బేరింగులు అమ్ముకునే మనకి ఇంతమందితో ఇంత చనువు ఎలా కుదిరిందో అప్పుడు అర్థమైంది. రెండో వారం మన మేనేజరు వచ్చి, కార్డులన్నీ రెండువైపులా ఫొటోలు తీసి ఏఐకి ఇవ్వమన్నాడు. ఉద్యోగస్తులందరూ ఉండే ఆ నెట్‌వర్క్ సైటులో నా పేరు మీద అదే అందరినీ పలకరిస్తుందట, నేను చూసి పంపడమే తరువాయి అన్నాడు. మొదటి పదీ చదివి పంపాను. పదకొండోదాని దగ్గర "అన్నీ పంపు" అనే బొత్తాం కనిపించింది. మిగిలినవి ఆరు వందల యాభై ఒకటి. నొక్కాను.

జవాబులు వెల్లువెత్తాయి. ఒగుమా గారి వారసురాలు ఆయన్ని మించిపోయిందన్నారు. నేను ఒక్కసారి కూడా చూడని మనుషులు, తమ పిల్లల సంగతి అడిగినందుకు కళ్ళు చెమర్చాయని రాశారు. మేనేజరు నన్ను మీటింగులో నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నేను తల వంచి నిలబడ్డాను. వినయం అనుకున్నారు.

పంపుల ఫ్యాక్టరీలో ఇబుకి గారిది వినే పని. తయారైన ప్రతి పంపుకీ ఇనపకడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల మన బేరింగు సవ్యంగా తిరుగుతోందో లేదో చెబుతారు. ఆయన కార్డు వెనక మీరు మూడు ముక్కలు రాశారు. "ఎడమ చెవి వినపడదు. ఎవరికీ తెలీదు. కుడిపక్కన కూర్చోవాలి." ఆ నెలలోనే ఆయన ఉద్యోగంలో చేరి ముప్ఫై ఏళ్ళు నిండాయి. సైటులో ఆయన పేజీలోని ఫొటో కింద, లోకమంతా చూసేచోట, ఏఐ నా పేరుతో ఇలా రాసింది: "ఇబుకి గారూ, అభినందనలు. ఈసారి కలిసినప్పుడు కూడా మీ ఎడమ చెవికి శ్రమ లేకుండా ఎప్పటిలాగే కుడిపక్కనే కూర్చుంటాను." మీ మూడు ముక్కల్లో మధ్యదాన్ని మాత్రం పట్టించుకోలేదు. దానికి నలభై ముగ్గురు మెచ్చుకోళ్ళు పెట్టారు. అందులో ఆయన పై అధికారులు ఇద్దరు.

మూడు వారాల తర్వాత కొత్త నమూనాలు తీసుకుని వెళ్తే, వినే గదిలో కడ్డీ పట్టుకుని ఎవరో పాతికేళ్ళతను నిలబడి ఉన్నాడు. ఇబుకి గారిని కాగితాల గదికి మార్చారని చెప్పాడు. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి ఒక చెవి పోయిందట, ఏటేటా చెవి పరీక్షలో శబ్దం వదిలే మీట మీద నర్సు వేలు కదలడం చూసి, వినపడినట్టు బొత్తాం నొక్కి నెట్టుకొచ్చారట. అతను నవ్వుతూ చెప్పాడు. నేను కూడా నవ్వి, నమూనాలు అక్కడ పెట్టి వచ్చేశాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యంగా ఉంది.

ఆ మర్నాడు అంతకన్నా తెలివితక్కువ పని చేశాను. క్షమాపణ ఎలా చెప్పాలో తోచక దాన్ని కూడా ఏఐ చేతే రాయించాను. చాలా బాగా రాసింది. పంపిన నిమిషంలోపే ఆయన దగ్గర్నుంచి జవాబు. "మీ మాటలు నా మనసుకి ఎంతో ఊరటనిచ్చాయి, ఇక ఆ విషయం మరచిపోదాం" అని. నిమిషంలోపు ఏ మనిషికీ అంత ఊరట కలగదు. ఆయన పేజీలో కూడా జవాబులిచ్చేది ఏఐయే అని అప్పుడు గమనించాను. నన్ను ఎవరూ క్షమించలేదు, నేను ఎవరినీ అడగలేదు, కానీ పని మాత్రం పూర్తయినట్టు తెర మీద ఒక పచ్చటి టిక్కు పడింది.

చేత్తో రాసిన రాజీనామా నా సొరుగులో ఉంది. ఒకటో తారీఖున ఇస్తాను. మీ కార్డులు మీకు పంపేస్తున్నాను. ఇవి నా దగ్గర ఉండవలసినవి కావు.

మీ నమ్మకం నిలుపుకోలేని,
సెన్బా కజుహా


షిమొనొసెకి,
జూన్ 26

అమ్మా సెన్బా,

పెట్టెలు చేరాయి. కూరమళ్ళు మునిగాయి, వంకాయలు పోయాయి, బెండ మొండిది కనక బతికింది.

నీ ఉత్తరానికి ముందే ఇబుకి ఫోన్ చేశాడు. నిన్ను తిడతాడనుకున్నాను. నీ పేరు ఎత్తలేదు. "ఒగుమా, రాసుకున్నావా?" అన్నాడు. "ఆ రోజు బస్సుకోసం బెంచీ మీద కూర్చుని నేను నీకు చెప్పాను. నువ్వు కార్డుకి చెప్పావు" అని పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళలో అతను ముందుగా ఫోన్ పెట్టేయడం ఇదే మొదటిసారి.

నువ్వు నీ తప్పు రాశావు కాబట్టి నేను కూడా నాది రాస్తాను. మా ఇంటావిడకి కూడా చెప్పని సంగతి. నాకు ఎవరూ గుర్తుండరమ్మా. మనిషి, పేరు, పిల్లలు, అన్నీ గేటు దాటగానే పోతాయి. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా ముందు బాత్రూముకి వెళ్ళి, గడియ పెట్టుకుని, కార్డు వెనక చదువుకుని బయటికొచ్చేవాణ్ణి. ఒగుమాకి కడుపు బాగుండదని ఊరంతా అనుకునేది. ఇబుకి దగ్గరా అంతే. ప్రతిసారీ కార్డు చదువుకున్నాకే అతని కుడిపక్కన కూర్చున్నాను. అది నా జ్ఞాపకం అనుకుని అతను సంతోషపడ్డాడు, నేను పడనిచ్చాను. నువ్వు మిషన్ని అడిగావు, నేను పెన్సిల్‌ని అడిగాను. నాది వేరే అని చెప్పుకోవాలని చాలా ఉంది. వారం రోజులుగా ఆలోచిస్తున్నాను, గట్టిగా చెప్పలేకపోతున్నాను.

నాకు అతని ముందుకి వెళ్ళే ముఖం లేదు. నీకు ఉంది. వయసులో ఉన్నదానివి, నాలుగు తిట్లు తిన్నా అరిగిపోతాయి. రాజీనామా తర్వాత ఇవ్వచ్చు, ముందు వెళ్ళు. ఏమీ రాసుకుని వెళ్ళకు.

ఒగుమా


కొకురా,
జూలై 3

ఒగుమా గారికి,

వెళ్ళాను. యోకాన్ మిఠాయి డబ్బా నేనే కొని తీసుకెళ్ళాను, ఏమీ రాసుకోలేదు. కాగితాల గదిలో ఇబుకి గారొక్కరే ఉన్నారు. మీ కార్డులో ఉన్నట్టే నేను కుడిపక్కకి నడిచాను.

"ఇప్పుడు ఈ ఫ్యాక్టరీలో అందరూ అటే వస్తున్నారు, అందరూ పసిపిల్లాడితో మాట్లాడినట్టు అరుస్తున్నారు" అని ఎడమపక్క కుర్చీ చూపించారు. "నువ్వు ఇటు కూర్చో."

అటు వినపడదు కదండీ అన్నాను.

"అందుకే. చెప్పాలనుకున్నదంతా అక్కడ కూర్చుని చెప్పు. నీకు బరువు దిగుతుంది, నాకు విసుగు తప్పుతుంది."

కూర్చుని చెప్పాను. మొదట ఏఐ రాసిన వాక్యాలే నోటికొచ్చాయి, అవి నాలుగైదుకే అయిపోయాయి. ఆ తర్వాతవి నావి. నవ్వుతున్న ఆ కుర్రాడితో పాటు నేను కూడా నవ్వానని చెప్పినప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన కిటికీలోంచి లారీలని చూస్తూ కూర్చున్నారు. ఎంతవరకు వినపడలేదో నాకు తెలియదు.

అయ్యాక కుడిపక్కకి పిలిచి మిఠాయి కోశారు. సైటులో నన్ను క్షమించినట్టు జవాబు పంపారు కదా అంటే, చాకు ఆపి, "నేనా? ఎప్పుడు?" అన్నారు. ఆ పేజీ వాళ్ళ అమ్మాయి చూస్తుందట, అందులో ఏముందో ఆయనకి తెలియదట. నా మీద కోపం ఉందన్నారు. వినే గది మళ్ళీ రాదనీ, ఇంకో ఏడాదైనా ఆ కోపం ఉంటుందనీ, నెలకోసారి వచ్చి చూసుకోమనీ అన్నారు. రాజీనామా మాట ఎత్తితే, మళ్ళీ కొత్తవాళ్ళకి మొదటినుంచీ తన చెవి కథ చెప్పే ఓపిక లేదని చిరాకుపడ్డారు. కాబట్టి అది ఇంకా సొరుగులోనే ఉంది.

మీరు బాత్రూములో కార్డు చదువుకునేవారని చెప్పేశాను. క్షమించండి, ఆ సంగతి మాత్రం కుడి చెవిలోనే చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. "వాడి కడుపుకోసం ఇన్నేళ్ళూ మా ఆవిడచేత ఎండబెట్టిన రేగుపళ్ళు పంపించాను కదా" అన్నారు. తర్వాత నవ్వు ఆపి, మీకు చెప్పమని ఒక మాట చెప్పారు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"సోమవారం రెండింటికి రమ్మను. గేటు దగ్గర జేబులు చూస్తాను, కార్డు ఉండకూడదు. బాత్రూముకి తాళం వేయిస్తాను. ఇక్కడ రెండు కుర్చీలు ఉంటాయి, నాకు అటొకటీ ఇటొకటీ. ఎందులో కూర్చుంటాడో చూస్తాను."

ఎందులో కూర్చోవాలో నేను ఈ ఉత్తరంలో రాయడం లేదు.

మీ
సెన్బా కజుహా