నా కచేరీలో నవ్విన వారిపై ఫిర్యాదు

ఉద్యానవనాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కంచె కత్తిరించు మిషనుపై నేను చేయుచున్న శాస్త్రీయ సంగీత కచేరీని, నాకు తెలియకుండా హాస్య కార్యక్రమముగా నడుపుట గురించి.

తమ పార్కులో తోటమాలిగా పనిచేయుచున్న నేను మనవి చేసుకొనునది ఏమనగా,

1. గొంతు ఆపరేషన్ తరువాత నాకు పాట పోయిన సంగతి తమకు తెలిసినదే. చిన్ననాటి నుండి నేర్చిన విద్య లోపలే ఉండిపోయి కుమిలిపోవుచున్న రోజులలో, మిషను మీట నెమ్మదిగా నొక్కినచో షడ్జమము, బిగించి నొక్కినచో పంచమము పలుకుచున్నట్లు కనిపెట్టితిని. లేత కొమ్మ తగిలితే గమకం కూడా పలుకును. నాకు మళ్లీ గొంతు వచ్చినది.

2. సదరు గొంతుకు శ్రుతిగా గడ్డి కోసే మిషను నడుపుటకు నా బావమరిదిని చేర్చుకున్నాను. అతనికి ఈ ఉద్యోగం ఇప్పించమని తమ కాళ్లావేళ్లా పడినది కూడా నేనే. ఆదివారం సాయంత్రాలు కచేరీకి అనుమతి ఇచ్చినది తమరు.

3. మిషను పట్టినవారు విధిగా చెవి మూతలు ధరించవలెనని తమ ఉత్తర్వు. నేను ఉత్తర్వు మీరే మనిషిని కాను. స్వరం చేతుల అదురును బట్టి నాకు తెలిసిపోవును. కావున జనం నాకు కనబడేవారే గాని వినబడేవారు కారు. ఆలాపన ఎత్తుకోగానే వాళ్ల భుజాలు అదిరేవి. కొందరు పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయేవారు. ఒకావిడ బెంచీ మీద నుంచి కిందికి జారిపోయారు. ఇంతమంది రసికులు నాకు దొరికారని ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను అయ్యా. సంతోషంతో.

4. మొన్న ఆదివారం ఆలాపన మధ్యలో చెవి మూత పట్టీ తెగి కింద పడినది. అప్పుడు విన్నాను. పార్కు పార్కంతా నవ్వుచున్నది. నాకు తల కొట్టేసినట్టయింది.

5. బావమరిదిని నిలదీయగా చెప్పిన జవాబు: "నీకు తెలుసనుకున్నా బావా. గేటు దగ్గర బోర్డు మీద నవ్వుల కచేరీ అనే రాసుంది కదా."

పనివాళ్లం వెనక గేటున వస్తామని అతనికి తెలియదా? పైగా బోర్డు రాసింది అతనే. "తెలుసనుకుంటే మరి ముందే నాతో ఒక్క మాటైనా ఎందుకు అనలేదురా" అంటే, తల దించుకుని, "అంటే మానేస్తావని" అన్నాడు. ఇంటికి వెళ్తే నా భార్య, "వాడు చెప్పొద్దన్నాడు. మీరు సంతోషంగా ఉన్నారు కదాని ఊరుకున్నా" అంది. అక్కాతమ్ముడూ ఒక్కటై నన్ను నట్టేట ముంచారు. బయటివాళ్లు నవ్వితే ఇంత బాధ లేకపోయేది.

కావున సదరు బోర్డు వెంటనే తొలగించి, ఆలాపన జరుగునంతసేపు నవ్వరాదని ఉత్తర్వు ఇప్పించి, బావమరిదిని చెత్త బండి పనికి మార్చవలసినదిగా కోరుచున్నాను. చివరిది వద్దు. అతనంత నిలకడగా శ్రుతి పట్టేవాడు మన దగ్గర ఇంకొకడు లేడు.

6. ఇక అసలు విషయం. తమరు మొదటి వరుసలో కూర్చుని, జేబు రుమాలు తీసి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఒకసారి కాదు. ఆ రుమాలును తలుచుకుంటూనే వారమంతా కొమ్మలు కత్తిరించేవాణ్ని. అది ఏడుపో నవ్వో రాతపూర్వకముగా తెలియజేయ ప్రార్థన.

నా గోడు తమరైనా చిత్తగించవలెను.

ఇప్పటికింకా తమ విధేయుడే,
కంచె మిషను తోటమాలి

తా.క. అది నవ్వే అయితే జవాబు రాయకండి. కొత్త చెవి మూతలు మాత్రం పంపించండి. ఆదివారం కచేరీ ఉంది.