దమ్ము బల్ల మీద నేర్చిన విద్య

ఔలి,
6-2-1999

నాన్నగారికి,

నా రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి. ఈ మాట ముందు మామ్మకి చదివి వినిపించండి. మొన్న ఫోన్‌లో "మంచులో పడ్డాను" అనగానే లైన్ కట్టయింది. "ఇక్కడ పడనివాళ్లు ఎవరూ లేరు" అని చెప్పబోయాను.

మొదటి మూడు రోజులూ కాళ్లకి స్కీ పలకలు కట్టుకుని పడుతూనే ఉన్నాను. వానాకాలం చేలగట్టు మీద నడిచినట్టు కాలివేళ్లు బిగించేదాన్ని. "నేలని పట్టుకోకమ్మా, జారనివ్వు" అని కోచ్ గారు విసుక్కున్నారు. నాట్లకి ముందు బురదచేలో దమ్ము చేసేటప్పుడు ఎడ్లు లాగే బల్ల మీద, మీరు వద్దన్నా ఎక్కి నిలబడేదాన్ని కదా, నాలుగో రోజు అది గుర్తొచ్చింది. అలాగే మోకాళ్లు వంచాను. కొండ కిందిదాకా నిలబడే వచ్చేశానండీ! పోయినేడు మన రాష్ట్రం నుంచి ఈ స్కీయింగ్‌కి ఒక్కరూ రాలేదట. ఈసారి ఏడుగురం వచ్చాం.

దాళ్వా నాట్లు అయిపోయాయా? మామ్మ ఇచ్చిన కొబ్బరినూనె రాయిలా గడ్డకట్టింది, ఇంక పంపొద్దు. ఆవిడ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయండి.

వచ్చే వానాకాలం సార్వా దమ్ములో చెల్లి కూడా బల్ల ఎక్కుతానంటే, నాకు తగిలిన దెబ్బలు దానికి వద్దు. మోకాళ్లు వంచమని చెప్పి మీరే ఎక్కించండి.

అందరి దీవెనలూ కోరుతూ,
హారతి