ఆరేదాకా చూడను

సోమవారం, ఉదయం
ఈసారి తలుపు తియ్యను. తియ్యనంటే తియ్యను!
గాజుపలక మీద ద్రావణం పోసి, సమంగా పరిచి, ఓవెన్‌లో పెట్టాను. గురువారానికి నెమ్మదిగా ఆరి బ్యాటరీ పొర అవుతుంది. బ్యాటరీలో ఒకవైపు పసుపు ద్రవం, ఇంకోవైపు ఊదా ద్రవం, మధ్యన ఈ పొర. కావలసిన అయాన్లను దాటనివ్వాలి, రంగుల్ని మాత్రం కలవనివ్వకూడదు. అచ్చం మా అత్తయ్య గుమ్మంలో కూర్చున్నట్టు.
ఇంతకుముందు పోసినవన్నీ నేను చేతులారా చెడగొట్టినవే. ఆరిందా అని తలుపు తీయడం, చల్లగాలి తగిలి పొర ముడతలు పడడం. గురువారం పై అధికారుల ముందు పరీక్ష. పొర కారిందంటే ప్రాజెక్టు ఎత్తేసి, మా గదిని పెయింట్ల విభాగానికి ఇచ్చేస్తారు.

సాయంత్రం
చూడలేదు! భుజం తట్టుకుంటూ ఇంటికొచ్చి, అలవాటుగా స్టవ్ మీది గిన్నె మూత తీశాను.
"ఉడకనీయవే తల్లీ! నువ్వు చూస్తే తొందరగా ఉడుకుతుందా?" అన్నారు అత్తయ్య.

మంగళవారం, 11.20
ఓవెన్ ముందు నుంచి వెళ్లాను. పనుండే వెళ్లాను.

11.40
మళ్లీ పని పడింది.

మధ్యాహ్నం
తలుపు తీయలేదు. పిడి మీద చెయ్యి వేశానంతే. వేడి సరిగ్గా ఉందో లేదో చూసుకోవద్దూ?

సాయంత్రం
నా మీద నాకే నమ్మకం పోయింది. పిడికి తాళం వేసి, తాళంచెవి మా సార్‌కి అప్పగించాను. ఏడ్చినా ఇవ్వకండి అన్నాను.
"నీకు ఓపిక లేదమ్మా. పరిశోధనంటేనే ఓపిక," అని జేబులో వేసుకున్నారు.

బుధవారం, ఉదయం
అడుగున ఆరకపోతే? పలక ఒకపక్కకి వాలి ఉంటే? వేలెడు సందు చేసి చూస్తే కొంప మునుగుతుందా?

3.00
సిగ్గు విడిచి తాళంచెవి అడుగుదామని వెళ్తే సార్ గదిలో లేరు. ఓవెన్ దగ్గరున్నారు. తలుపు బార్లా తీసి, లోపలికి తల దూర్చి!
"ఊరికే... ఆరిందేమోనని," అన్నారు కళ్లద్దాలు తుడుచుకుంటూ.
ఒళ్లు మండిపోయింది. అయినా ఏమన్నాను? "జరగండి సార్, నేనూ చూస్తాను."
ఇద్దరం చూస్తుండగానే ముడతలు పడింది.

గురువారం
ముడతలు లేని మూల కత్తిరించాం. అరచేతిలో సగం వచ్చింది. చిన్న బ్యాటరీ సెల్‌లో బిగించి, రెండువైపులా ద్రవాలు నింపాం. పై అధికారులు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.
భోజనాల వేళ దాకా పసుపు పసుపే, ఊదా ఊదాయే! నవ్వొస్తుందని సార్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
"ఇంత ముక్కతో బ్యాటరీ నడవదు కదా? పెద్దది చేసి చూపించండి. వచ్చే గురువారం దాకా గది మీదే," అన్నారు పెద్దాయన.

శుక్రవారం, సాయంత్రం
కొత్త ద్రావణం, కొత్త పలక. ఈసారి తలుపు తియ్యను. సార్ కూడా తియ్యనని మాటిచ్చారు. తాళంచెవి మా ఇద్దరిలో ఎవరి దగ్గరున్నా ప్రమాదం కాబట్టి, తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాను. మా ఇంట్లో మూత తీయని మనిషి ఆవిడొక్కరే. ఇక నిశ్చింత.
ఇదిగో, వంటింట్లోంచి పిలుస్తున్నారు.
"ఏమే, ఈపాటికి కాస్తయినా ఆరి ఉంటుందంటావా? మీ ఆఫీసు రేపు తీసే ఉంటుందా?"