ఎదురంగడిలో చేరిన తమ్ముడు

అమ్మా, నీ చిన్నకొడుకు నాగేంద్ర నాకు ద్రోహం చేశాడు. ఫోనులో అయితే అరుస్తానని కార్డు రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడొద్దు.

ఇక్కడ చిక్కపేటలో, మా చీరల అంగడిలోనే వాడికి పని మాట్లాడిపెట్టాను. వాడు పోయి ఎదురంగడిలో చేరాడు. జీతం రెండుచోట్లా ఒకటే. ఎందుకురా అంటే, "మీవోళ్ళు టీ తాగేకాడ షావుకారును తిట్టుకుంటా ఉండారన్నా. ఈ ఎదురంగడోళ్ళయితే 'మా అంగడికి రా అప్పా' అని చెయ్యి పట్టుకోని పిలిచినారు" అన్నాడు. అక్కడ ఏ చీరలు తెప్పించాలో పనివాళ్ళనే అడుగుతారట. శ్రమకు గౌరవం కావాలని కరపత్రాలు చదివి వాడికి నేర్పింది నేను, అనుభవించేది వాడు! వాళ్ళ నవ్వులు వినిపిస్తే నాకు ఒళ్ళు మండుతోంది. మంచి పనివాళ్ళు దొరకడం లేదని మా షావుకారు వెంకటేశప్ప గొణుగుతాడు. ఉన్నవాళ్ళ మాట వింటే కదా కొత్తవాళ్ళు వచ్చేది!

మేక ఈనిందా? శెనక్కాయల పొడి పంపు. వాడికి వేరే పొట్లం కట్టు, నాదాంట్లోంచి పెట్టను.

మా అంగడిలో చేసే మన వీధి రంగస్వామి సెలవు మీద అక్కడే ఉన్నాడు కదా, శనివారమే బస్సెక్కించు. మమ్మల్నీ అడిగి సరుకు తెప్పించమని వెంకటేశప్పను పనివాళ్ళం అందరం కలిసి నిలదీస్తాం. నాన్నకు దండాలు. ఆదివారం పొద్దున పది గంటలకు, అంగడి ముందు, ఒక్కరూ తప్పకూడదు!

నీ మంజునాథ్