పాటలో ఆగే చోటు

వదినా,

ఈ ఉత్తరం చూసి కంగారు పడకు. నా ఒంట్లో బాగానే ఉంది, ఒళ్ళు మండిపోయి రాస్తున్నానంతే. నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

నిన్న కార్మిక సంఘం కార్యదర్శి ఇంటికొచ్చాడు. మీ తమ్ముడి పాటను ఈసారి మహాసభలో వాయిద్యాలతో పాడిస్తారట. సంతోషమే కదా అన్నాను. "కాకపోతే అక్కా, 'రాయి తడపండి' అన్నాక అందరూ కాసేపు ఆగుతారు చూడు, అక్కడ పాట చప్పబడిపోతోంది. డోలుతో పూడ్చేస్తాం" అన్నాడు. ఎందుకాగుతారో తెలుసా బాబూ అంటే, "పోయినవాళ్ళను తలుచుకోడానికి కదా!" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ తమ్ముడు ఆ పాట కట్టింది విప్లవం కోసం కాదు వదినా, నీళ్ళ కోసం. కంకర మిల్లులో దుమ్ము లేవకుండా రాతిమీద నీళ్ళు చల్లించమని ఎంత మొత్తుకున్నా యజమాని వినలేదు. అప్పుడు గేటు ముందు కూర్చుని, "రాయి తడపండి, మా ఊపిరి మిగలనివ్వండి" అని ఎత్తుకున్నాడు. "తడపండి" అనేసరికి దగ్గుతెర కమ్ముకొచ్చేది. అది తగ్గాకే "మా ఊపిరి" అనగలిగేవాడు. పక్కవాళ్ళు పాటే అంత అనుకుని, ఆగి మరీ నేర్చుకున్నారు. వాళ్ళ నోట అది రేవుకెళ్ళింది, బట్టల మిల్లుకెళ్ళింది, విప్లవ గీతమైపోయింది. ఆ దగ్గుతోనే పోయిన ఆయనది నాకు మిగిలింది ఆ ఆగే చోటే. దాన్నీ పూడ్చేస్తారట. నేను సభకు వెళ్ళను. ఆయన్ని రెండోసారి సాగనంపడం నావల్ల కాదు.

నీ మరదలు

వదినా,

వెళ్ళనన్నదాన్ని వెళ్ళాను. ఇంట్లో కాలు నిలవలేదు. లేచి వచ్చెయ్యడానికి వీలుగా తలుపు పక్కనే కూర్చున్నాను.

"రాయి తడపండి" అనగానే డోలు మోగింది. అదొక్కటే మోగింది. హాలు హాలంతా ఆగిపోయింది, ఎవరూ చెప్పకుండానే. డోలు వాయించేవాడు బిక్కమొహం వేసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. నా కళ్ళు నిండిపోయాయి. అంతలో ఎవరో దగ్గారు. వెంటనే ఇంకొకరు. తిరిగి చూస్తే మన కంకర మిల్లు పిల్లలే. పాతికేళ్ళు కూడా ఉండవు. అచ్చం మీ తమ్ముడి దగ్గే వదినా.

పాట ఇన్ని ఊళ్ళు తిరిగింది కానీ, ఆ రాతిమీద ఇప్పటికీ ఎవరూ చెంబుడు నీళ్ళు చల్లలేదు. ఈ మాట అక్కడే లేచి చెప్పాను. రేపటి నుంచి ఆ పిల్లలతో కలిసి గేటు ముందు కూర్చుంటున్నాను.

ఆ చోట ఎవరికీ దగ్గు రాక, ఆగకుండా పాడే రోజు రావాలి. ఆ రోజు మీ తమ్ముడు నాకు పూర్తిగా పోయినట్టే. ఏడుస్తాను, కానీ పోనిస్తాను.

నీ మరదలు