పక్కసీటు బ్రేకుకు దక్కిన లైసెన్సు గురించి

రవాణా అధికారి గారికి,
పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లేత్ మిషన్ కార్మికుడు, కార్మిక సంఘం కార్యదర్శి చంద్రకాంత్ వ్రాయు అర్జీ.

అయ్యా,

మీరు బండి నడపడం రానివాడికి లైసెన్సు ఇచ్చారు, వచ్చిన మనిషిని రెండుసార్లు తిప్పి పంపారు. రెండూ తెలిసే చేశారు.

విషయం: కొండాపూర్ మండల వాస్తవ్యురాలు కౌసల్యకు వచ్చే సోమవారం లోపల డ్రైవింగ్ పరీక్ష మళ్ళీ జరిపించుట గురించి.

1. సదరు కౌసల్య పదకొండేళ్ళుగా సొంత పొలంలో ట్రాక్టర్ నడుపుచున్నది. ఎవరి ట్రాలీ గట్టు దగ్గర ఇరుక్కున్నా, వెనక్కి తీయడానికి ఊళ్ళో మగవాళ్ళు ఆమెనే పిలుస్తారు. మా ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఆడవాళ్ళను ఇళ్ళకు చేర్చే రెండు వ్యాన్లకు డ్రైవర్లు కావాలంటే ఆమె దరఖాస్తు పెట్టుకున్నది.

2. ఆమె పరీక్షకు తెచ్చిన కారు నాదే. గేటు దగ్గర నిలబడి అంతా చూశాను. ట్రాక్టర్ వాళ్ళు వెనక్కి తీసేటప్పుడు సీటు మీద సగం లేచి, నడుం తిప్పి ట్రాలీని చూస్తారు. ఆమె అలవాటు కొద్దీ అలాగే చూసింది. బండి గీత తాకలేదు. మీ ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆపేశాడు.

"లేసుడేందమ్మా? అద్దంల చూడాలె. ఏ డ్రైవింగ్ స్కూలు నీది?"

"స్కూలెక్కడిది సార్, పొలంల నేర్చుకున్న."

"అయితే స్కూల్ల చేరి రా పో."

అద్దం చూడాలన్న మాట న్యాయమే, ఒప్పుకుంటాను. వారం తిరగ్గానే ఆమె అద్దం చూడడం నేర్చుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి కారణం చెప్పలేదు. "స్కూల్ల చేరినవా?" అని అడిగి, లేదనగానే ఫెయిల్ అని రాశాడు. మూడోసారి కూడా తప్పితే రెండు నెలలు ఆగాలట. అప్పటిదాకా ఉద్యోగం ఎవరు ఆపుతారు, మీరా?

3. ఆమె రెండోసారి వచ్చిన రోజే మీ గేటు ఎదుటి డ్రైవింగ్ స్కూల్ నుంచి సునీల్‌కుమార్ అనే అతను వచ్చాడు. స్కూలు కారులో పక్కసీటు కింద కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. నేర్పడానికి అవి ఉండాల్సిందే. పరీక్షనాడు వాటి మీద మాస్టరు పాదాలెందుకు? సునీల్ స్టీరింగు పట్టుకున్నాడు, మాస్టరు బండి నడిపాడు, మీరు సునీల్‌ను పాస్ చేశారు.

4. ఇక బీమా సంగతి. స్కూలు సర్టిఫికెట్ ఉన్న డ్రైవరైతే వ్యాను ప్రీమియంలో రాయితీ ఇస్తామని బీమా కంపెనీ అన్నదట. మా మేనేజర్ వెంటనే మొదటి వ్యాను సునీల్ చేతికిచ్చాడు. కంపెనీకి రాయితీ, స్కూలుకు బేరం, మీకు పని తేలిక. ఆ వ్యానెక్కే పదకొండు మంది ఆడవాళ్ళ ప్రాణాలు ఎవరి ఖాతాలో పడతాయి?

5. వ్యాను తాళం చేతికొచ్చిన మర్నాడే సునీల్ కౌసల్య ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"అక్కా, బండి ఎన్కకు తీసుడు నాకు వస్తలేదు. జెర నేర్పవా?"

"ఏమిరా, లైసెన్సు నీకిచ్చి తెలివి నాకిచ్చిన్రా?"

"తిట్టక్కా, తిట్టు. గని నేర్పు. షిఫ్టు దిగి మా అమ్మ గుడ ఆ బండ్లనే వస్తది."

ఆ రోజు నుంచే ఆమె సాయంత్రాలు పోతిరెడ్డిపల్లి ఖాళీ ఇళ్ళ స్థలాల వెంచరులో నేర్పుతున్నది. లైసెన్సు ఉన్నవాడు లైసెన్సు లేని ఆమె దగ్గర శిష్యుడు! తన పేరు రాయమన్నది సునీలే. అబద్ధమైతే నన్ను జైల్లో పెట్టండి.

రెండో వ్యానుకు సోమవారం మనిషిని తీసుకుంటారు. స్కూల్లో చేరమని కౌసల్యకు నేను కూడా చెప్పి చూశాను. "వచ్చిన పనిని రాదని రాసియ్యాల్నా అన్నా?" అన్నది. దీనికి జవాబు మీ దగ్గర ఉంటే రాయండి.

చిత్తగించడం మీ ఇష్టం, జవాబివ్వడం మీ విధి. కావలసినవి ఇవి:

క) శుక్రవారం నాడు కౌసల్యకు పరీక్ష పెట్టాలి. ఏ స్కూలని అడగరాదు. తప్పితే తప్పు ఏమిటో కాగితం మీద రాసివ్వాలి.

చ) పరీక్షకు వచ్చే ఏ కారులోనైనా పక్కసీటు పెడళ్ళు పనిచేయకుండా కట్టేయాలి.

ట) స్కూలు సర్టిఫికెట్ లేదని ఉద్యోగం నిరాకరించరాదని ఫ్యాక్టరీకి మీరు లేఖ రాయాలి.

త) సునీల్‌కుమార్ ఉద్యోగం తీయించవద్దు. పరీక్ష మళ్ళీ పెట్టండి, నిజంగా పెట్టండి. ఇది అతను కోరుతున్నదే.

ప) అప్పటిదాకా ఆ వ్యాను కదలరాదు.

ఇట్లు,
ఎవరికీ విధేయుడు కాని
చంద్రకాంత్